ఎడమ స్పీకరు

పేరు చెప్తే మీకు యాదికి రాదు, ఇడిసిపెట్టుండ్రి.
పదకొండు రోజులాడింది మా టాకీస్‌ల,
ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వెనక గల్లీల.
పన్నెండో రోజు పోస్టరు మీద ఇంకో పోస్టరు.
పేపరోళ్లు రెండు ముక్కలు రాసిండ్రు:
కథ నత్తనడక,
సంగీతం ఫర్వాలేదు.

రోజుకు నాలుగాటలు.
నలభై నాలుగుమాట్ల చూసిన.
చూసిన అంటే, విన్న.
టార్చి పట్టుకొని బాల్కనీ మెట్ల కాడ నిలబడేటోనికి
తెర సగమే కనబడ్తది,
చప్పుడు మాత్రం మొత్తం వస్తది
అనుకునేటోన్ని.

పాటల ముచ్చట కాదు నేను చెప్పేది.
మూడు పాటలుండె, మూడిట్లకూ జనం సిగరెట్టుకు లేచిపోయిండ్రు.
పాట లేనప్పటి సంగీతం సంగతి చెప్తున్న.
ఆమె చొక్కా ఇస్త్రీ చేస్తుంటది,
ఆయన తాళంచెవి బల్ల మీద పెట్టి పోతుంటడు,
ఎవ్వరూ ఏడ్వరు.
గప్పుడు సారంగి లేస్తది,
పక్కింట్ల ఎవరో తలుపు మెల్లగ తీసినట్టు.
నాలుగు స్వరాలు.
ఆగుతది.
ఇస్త్రీపెట్టెల బొగ్గు చిటుక్కుమంటది.
మళ్ల నాలుగు. మళ్ల ఆగుతది.

ఆగిన కాడల్లా కింది క్లాసుల ఈలలు,
"రీలు తెగిందిరో" అని నవ్వులు,
కుర్చీలు టపటప మడుసుకునే లొల్లి.
నాకైతే చీకట్ల ఒక మెట్టు తప్పినట్టుండేది.
మొదటి రెండు రోజులు భయపడ్డ.
మూడో రోజు నుంచి
ఆ సందు వచ్చినప్పుడు టార్చి ఆర్పి నిలబడ్డ.

టైటిళ్లల్ల రెండు సెకండ్లు పడ్తది ఆ పేరు:
సంగీతం, జ్ఞానప్రకాశం.
పోస్టరు మీద జానప్రకాశం అని అచ్చేసిండ్రు.
సికింద్రాబాద్‌ల ఏదో చర్చిల ఆర్గన్ వాయిస్తడట,
ఆపరేటర్ యూసుఫ్ భాయ్ చెప్పిండు.
ఏడో రోజు మ్యాట్నీకి ఒకాయన వచ్చిండు,
ఒక్కడే, టికెట్ కొనుక్కొని.
ఇంటర్వెల్ల అందరూ బయటికి పోతే
గోడ మీది ఎడమ స్పీకరు దిక్కు శానసేపు చూసిండు.
తర్వాత నా దిక్కు.
ఏమో అడగబోయిండు. అడగలే.
రెండో సగం చూడకుండనే మెట్లు దిగిండు.
నేను మెట్ల మీద లైటు వేసిన, పైలం సార్ అని.

టాకీస్ ఇప్పుడు సోఫాల షోరూం.
నేను మణికొండల ఒక అపార్టుమెంటు గేటు కాడ, నైట్ డ్యూటీ.
చేతిల ఇప్పటికీ టార్చే.
మూడో అంతస్తు పోరగాడు నిశ్చల్
నిద్రపట్టక కిందికొస్తడు.
"ఎవ్వరూ చూడని సినిమా ఒకటి చెప్పు అంకుల్" అన్నడు.
చెప్పిన.
వారం తిరగకముందే యాడనో పట్టుకొచ్చిండు, ఫోన్‌ల.
బొమ్మ మసక. "శబ్దం మాత్రం మస్తుంది, ఇయర్‌ఫోన్స్ పెట్టుకో."
వైరువి, పాతవి. రెండు చెవులల్ల పెట్టిన.

ఇస్త్రీ వచ్చింది. తాళంచెవి వచ్చింది.
కుడి చెవుల సారంగి. నాలుగు స్వరాలు.
ఆగింది.
ఎడమ చెవుల
ఒక వేణువు
జవాబు చెప్పింది.

కాలిపోయిన స్పీకరు అది.
"ఈ బొమ్మకు కొత్త స్పీకరా?" అని నవ్విండు మా సేటు.
నలభై నాలుగాటలు ఒకడు అడుగుతనే ఉన్నడనుకున్న.
రెండోవాడు గోడలనే ఉండె, నోరు కట్టేసి.

ఖుషీ అయిందా అంటే, అయింది.
జర కోపం కూడ.
ఇరవై ఆరేండ్లు ఆ సందును నేనే నింపుకున్న:
బాలామణి దగ్గు,
ఉస్మానియా దవాఖానల స్ట్రెచర్ చక్రం,
పొద్దుగాల ఆమె లేని ఇంట్ల కుళాయి చప్పుడు.
అన్నీ ఆ నాలుగు స్వరాల పక్కకు వచ్చి సరిగ్గ కూసునేవి.
ఇప్పుడు వేణువొచ్చి
లేవుండ్రి, ఇది నా సీటు అంటున్నది.
టికెట్ చూపిస్తున్నది.
టార్చి కొట్టి చూసిన. నంబరు కరెక్టే.

ఎడమది తీసి పోరగాని చెవుల పెట్టిన.
వెనక్కి తిప్పు, అన్న.
నాకు సారంగి వచ్చి ఆగింది.
వాని మొఖం చూసుకుంట కూసున్న.
వాని కనుబొమ్మ చిన్నగ లేచింది.
గేటు కాడ కారు హారన్ కొట్టింది.
టార్చి ఆర్పి,
జర ఆగమని చెయ్యి చూపిన.